కరిచే ముందే చెబుతుంది

పల్లెటూరి పశువుల ఆస్పత్రుల్లో డాక్టరుగా చేసి రిటైరయ్యాను. కుక్కకు వైద్యం చదువుకుని నేర్చుకున్నాను. దాని మనసు మాత్రం దాని ఒంటిని చూసి, ఆలస్యంగా నేర్చుకున్నాను. ఇంట్లో కుక్కను పెంచుకునే పిల్లలకూ, వీధి కుక్కల మధ్య బడికి నడిచే పిల్లలకూ ఈ మాటలు చెప్పాలనిపించింది.

1. తోక ఊపిందల్లా స్నేహం కాదు.

తోకనొక్కదాన్నే చూడకండి. ప్రేమగా వచ్చే కుక్కకు తోకతోపాటు నడుమూ ఊగుతుంది. ఒళ్లు వదులుగా, నోరు కాస్త తెరుచుకుని ఉంటుంది. తోక పైకి లేచి బిర్రబిగిసి, కొస మాత్రమే గబగబా కదులుతుంటే, నోరు మూసి చూపు ఒక్కచోటే నిలిపితే, దాని దగ్గరికి వెళ్లకూడదు. యజమానిని చూసినప్పుడు తోక కుడివైపుకు, బెదిరించే కొత్త కుక్కను చూసినప్పుడు ఎడమవైపుకు ఎక్కువగా ఊగుతుందని 2007లో ఇటలీ పరిశోధకులు చూపించారు. అంత సూక్ష్మం మన కంటికి అందకపోవచ్చు. ఒళ్లు బిగుసుకోవడం మాత్రం ఎవరికైనా కనిపిస్తుంది.

2. గుర్రుమన్నందుకు కుక్కను కొట్టవద్దు.

ఈ పాఠానికి మూల్యం నేను కట్టలేదు, ఒక పసిపిల్ల కట్టింది. అన్నం గిన్నె దగ్గరికి ఎవరు వెళ్లినా తమ కుక్క గుర్రుమంటోందని ఒక రైతు వచ్చి చెప్పాడు. మొదట్లోనే రెండు దెబ్బలు వేసి అలవాటు మాన్పించమన్నాను. అప్పట్లో అందరం అదే చెప్పేవాళ్లం. కుక్క గుర్రుమనడం మానేసింది, ఆయన వచ్చి సంతోషంగా చెప్పి వెళ్లాడు. కొన్నాళ్లకు ఆయన మనవరాలు గిన్నె పక్కన ఆడుకుంటుంటే చప్పుడు లేకుండా చెంప కరిచింది. నా సలహా దాని భయాన్ని పోగొట్టలేదు, హెచ్చరికను మాత్రం పోగొట్టింది. ఆ పాప చెంప మీది గాటు నాకింకా గుర్తే. గుర్రుమంటే అది ‘దూరంగా ఉండు’ అని మర్యాదగా చెప్పడమే. విని వెనక్కి తగ్గండి, తర్వాత కారణం వెతకండి.

3. ఆవులించే కుక్కకు ప్రతిసారీ నిద్ర రాదు.

గుర్రుమనడానికి ముందే కుక్క చాలా చెబుతుంది. తిండి ఎదుట లేకపోయినా మూతి నాకుతుంది, ముఖం పక్కకు తిప్పుకుంటుంది, ఆవులిస్తుంది, ఓరగా చూస్తూ కంటి తెల్లగుడ్డు కనబరుస్తుంది. నార్వేకు చెందిన టూరిడ్ రుగాస్ అనే శిక్షకురాలు వీటిలో చాలా గుర్తులను ఓపికగా పోగుచేసి పుస్తకం రాశారు. పిల్లలు కుక్క మెడను వాటేసుకున్న ఫొటోలు చూపిస్తే నేను ముందు కుక్క కళ్లే చూస్తాను. మనకు కౌగిలి ప్రేమే. చాలా కుక్కలకు అది కదలనివ్వని పట్టు.

4. ‘తప్పు చేసిన ముఖం’ మన ఊహ.

చెవులు వాల్చి, తోక ముడిచి ఒదిగిపోతే నేరం ఒప్పుకుందనుకుంటాం. తప్పు చేయని కుక్క కూడా తిడితే అలాగే ముఖం పెడుతుందని అలెగ్జాండ్రా హోరోవిట్జ్ 2009లో పరీక్షించి చూపారు. అది మన కోపానికి భయపడటం, అంతే.

5. పరుగెడితే కుక్క వెంటపడుతుంది.

వీధి కుక్క మీదికొస్తే ఆగిపోండి. చేతులు ఒంటికి ఆనించి, దాని కళ్లలోకి చూడకుండా, మెల్లగా పక్కకు తప్పుకోండి. ఈనిన కుక్క, తింటున్న కుక్క, గొలుసుకు కట్టిన కుక్క ఎంత పరిచయమున్నదైనా దూరంగానే ఉండండి. మొరిగే కుక్క కరవదన్న సామెతను నమ్ముకోకండి.

ఇంత చూసుకున్నా కరిస్తే, చిన్న గీతే అయినా, ధారగా పడే నీటి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగండి. కారం, సున్నం, పసుపు పెట్టవద్దు. ఆ రోజే ఆస్పత్రికి వెళ్లండి. బొడ్డు చుట్టూ పొడిచే పాత సూదులు ఇప్పుడు లేవు, టీకా సాధారణంగా చేతికే వేస్తారు. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక మనిషి బతకడం దాదాపు అసాధ్యం. కనుక గాయం మానిందని మధ్యలో ఆపకుండా, డాక్టరు చెప్పిన టీకాలన్నీ వేయించుకోండి.