వెదకువారికి మీ అంగడి కనబడు మార్గము

పంట పండించుట ఒక ఎత్తు. కొనువారి కంటబడుట మరొక ఎత్తు. ఎవరి యింట పాలు దొరుకునో, ఎవరి తోటలో నారు దొరుకునో పూర్వము ఊరివారందరికి తెలిసియుండెడిది. నగరమును ఆనుకొనియున్న గ్రామములలో నేడు ఆ పరిస్థితి లేదు. మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలోని బహదూర్‌పల్లి ఇందుకు తగిన ఉదాహరణము. సూరారము నుండి గండిమైసమ్మకు పోవు దారిలో ఉన్న ఈ ఊరిలో 2020లో మహీంద్రా విశ్వవిద్యాలయము ఏర్పడినది. ఎత్తైన భవనములు వెలసినవి. అందులోనికి క్రొత్తగా వచ్చిన కుటుంబమునకు పూలమొక్క గాని, నాటుకోడి గుడ్లు గాని, చిక్కని పాలు గాని కావలసివచ్చిన, పొరుగువారికంటె ముందు చేతిలోని ఫోనును అడుగుదురు. ఫోను చూపని అంగడి రెండు వీధుల అవతలనే యున్నను వారికి లేనట్లే. ఆ బేరము దూరపు దుకాణమునకు పోవును. మన సరుకు దళారి చెప్పిన ధరకు పోవును.

రైతుకును కొనువానికిని నడుమ దళారి లేకుండ చేయుటకై 1999 జనవరి 26న ఆంధ్రప్రదేశ్‌లో రైతు బజార్లు ప్రారంభమైనవి. ఫోనులోని పటములో మీ స్థలము సరిగా కనబడినచో అదే మేలు మీ గుమ్మము వద్దనే కలుగును.

వ్యాసములు వ్రాయనక్కరలేదు

ఇందుకై దినదినము వ్యాసములు వ్రాయవలెనని, వీడియోలు తీయవలెనని కొందరు భయపడుదురు. దగ్గరలోని కొనుగోలుదారులకు అమ్ముకొను చిన్న వ్యాపారికి అది అవసరము కాదు. “దగ్గరలో నర్సరీ” అని వెదకినపుడు గూగుల్ ముఖ్యముగా మూడు విషయములు చూచును: అడిగినదానికిని మీ వ్యాపారమునకును గల సంబంధము, దూరము, ప్రసిద్ధి. దూరము మన చేతిలో లేదు. తక్కిన రెండును చాలవరకు మన చేతిలోనివే.

నమోదు

గూగుల్ బిజినెస్ ప్రొఫైల్‌లో నమోదు ఉచితము. 2021 వరకు దీని పేరు గూగుల్ మై బిజినెస్. మీ అంగడిని ఇదివరకే ఎవరైన పటములో చేర్చియుండవచ్చును. కావున ముందు వెదకి చూచి, ఉన్నచో దానినే మీదిగా చేసికొనవలెను. రెండవది సృష్టించరాదు. నమోదు యజమాని సొంత ఖాతాతోనే జరుగవలెను. ఏజెంటు ఖాతాతో చేయించినచో రేపు అతడు మాట వినకున్న మీ అంగడి తాళపుచెవి అతని వద్దనే ఉండును.

నిర్ధారణకు వీడియో అడిగినచో పరిసరములను, బోర్డును, సరుకును, తలుపు తాళము మీరే తీయుటను ఆపకుండ ఒకేసారి చిత్రించి పంపవలెను.

పేరు, చిరునామా, ఫోను

బోర్డుమీద ఉన్న పేరే వ్రాయవలెను. “బహదూర్‌పల్లిలో ఉత్తమము, చౌక” వంటి మాటలు పేరునకు తగిలించుట నియమ విరుద్ధము, నమోదు నిలిపివేయబడవచ్చును. ఇంగ్లీషు అక్షరములలో మన ఊరి పేరును చివర ‘వై’ పెట్టి కొందరు, ‘ఇ’ పెట్టి కొందరు వ్రాయుదురు. ఒక్క రూపమునే ఎంచుకొని గూగుల్‌లోను, 1996 నుండి నడచుచున్న జస్ట్‌డయల్, ఇండియామార్ట్‌లలోను, బిల్లు పుస్తకములోను అదే వాడవలెను. పాత ఫోను నంబరు ఎక్కడను మిగులరాదు. పటములోని గుర్తు మీ గేటు మీదనే ఉన్నదో, వెనుక సందులో ఉన్నదో నిలబడి చూచి సరిచేయవలెను.

గూగుల్ ఇచ్చిన ఉచిత వెబ్‌సైట్లు 2024 మార్చిలో నిలిచిపోయినవి. ఆ పాత చిరునామా ఇంకను బిల్లులపై ఉన్నచో తీసివేయవలెను.

వర్గము ఎన్నుకొనుట

ఇందు చాలమంది పొరబడుదురు. మొక్కలు అమ్మువారు “నర్సరీ” అను మాట చూచి పిల్లల బడి వర్గమును ఎన్నుకొన్నచో, మొక్కలకై వెదకువారికి కనబడక బడి ప్రవేశములకై ఫోనులు వచ్చును. ప్రధాన వర్గము ఒక్కటే. అదనముగా తొమ్మిదివరకు చేర్చవచ్చును. నిజముగ చేయు పనులనే చేర్చవలెను.

ఇండ్లకు పాలు పోయుచు, ఇంటివద్ద అమ్మకము లేనివారు చిరునామాను దాచి, తాము తిరుగు ప్రాంతములను తెలుపవలెను. ఇరువది ప్రాంతములవరకు చేర్చవచ్చును.

వేళలు, చిత్రములు

బోనాలకు, దసరాకు అంగడి మూసినచో ఆ సంగతి ముందే నమోదు చేయవలెను. తెరచియున్నదని నమ్మి వచ్చి తాళము చూచినవాడు మరల రాడు. చిత్రములు మీ తోటవే, ఈ ఋతువువే కావలెను. గేటు, బండి నిలుపు చోటు కనబడు చిత్రము ఒకటి తప్పక ఉండవలెను.

కొన్నవారి మాట

ప్రసిద్ధికి మూలము కొన్నవారి సాక్ష్యము. సరుకు ఇచ్చునపుడు “మీ అభిప్రాయము వ్రాయండి” అని అందరిని సమానముగా అడుగవచ్చును. తగ్గింపు గాని, కానుక గాని ఇచ్చి వ్రాయించుకొనరాదు. ఇట్టి అభిప్రాయముల సేకరణకు 2022 నవంబరులో మన దేశమున ఐఎస్ 19000 అను ప్రమాణము కూడ వెలువడినది. తెచ్చిన మొక్క ఎండిపోయెనని ఒకరు వ్రాసినచో కోపింపక, “ఏ మొక్క, ఎంత నీరు పోసితిరి? మరల రండి, చూచెదము” అని బదులీయవలెను. ఆ బదులును పదిమంది చదువుదురు.

ఇతర స్థలములలో మీ పేరు కనబడుటయు సాక్ష్యమే. ఒక పుట విలువను దానికి దారి చూపు ఇతర పుటలనుబట్టి కట్టు పద్ధతిని 1998లో గూగుల్ స్థాపకులు ప్రకటించిరి. మీరు మొక్కలు ఇచ్చిన పాఠశాలను, పాలు పోయు భవన సంఘమును తమ వెబ్ పుటలో మీ పేరు చేర్చుమని అడుగుట ధర్మమే. డబ్బిచ్చి అట్టి దారులు కొనుట నియమ విరుద్ధము.

మోసములు

“గూగుల్ నుండి మాట్లాడుచున్నాము, ఇంత చెల్లించిన మీ అంగడిని మొదట నిలిపెదము” అను ఫోనులు నమ్మరాదు. ఈ స్థానిక వరుసలో స్థానమును డబ్బు తీసికొని పెంచుట లేదని గూగులే స్పష్టము చేసినది. ప్రకటనలు వేరు, వాటికి గుర్తు వేరుగా ఉండును. నిర్ధారణ సంఖ్యను ఎవరికిని చెప్పరాదు.

ఫలితము చూచుకొనుట

విత్తిన మరునాడే మొలక రాదు. ప్రొఫైల్‌లో ఎన్ని ఫోనులు వచ్చినవో, ఎందరు దారి అడిగిరో చూపు లెక్క గలదు. దానిని నెలకొకసారి నోటుపుస్తకములో వ్రాసికొని, ఎదుట అమ్మకము వేసి పోల్చవలెను. ఫోనులు పెరిగి అమ్మకము పెరుగకున్నచో లోపము పటములో లేదు. ధరలోనో, సరుకులోనో, మాటతీరులోనో ఉన్నది.

ఈ వారము చేయవలసిన పని ఇది: మీ ఊరివాడు కాని ఒకరి ఫోనులో మీరు అమ్ము సరుకు పేరు వెదకించవలెను. మీ అంగడి కనబడినదా, నంబరు మ్రోగినదా, దారి గేటువరకు తెచ్చినదా అని మూడును పరీక్షించి, తప్పినదానిని ఆనాడే సరిదిద్దవలెను.