తుపాకి కంపెనీ కత్తిని ఎవరు చేశారు?

అమెరికా నుంచి వచ్చిన మీ మామయ్య జేబులోంచి ఒక మడత కత్తి తీసి బల్ల మీద పెట్టారనుకోండి. నల్లటి పిడి, చేతికి బరువుగా ఉంది. అలుగు మీద పెద్ద అక్షరాలతో ఒక ప్రసిద్ధ తుపాకుల కంపెనీ పేరు చెక్కి ఉంది. “చూశావా, తుపాకులు చేసేవాళ్ళు చేసిన కత్తి! దీనికి తిరుగు లేదు” అన్నారు మామయ్య. మీరు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. అలుగు పిడిలోకి దూరే చోట, గోరంత జాగాలో, చిన్న అక్షరాలు కనిపించాయి: ‘చైనా’.

మామయ్య మోసపోయారా? తొందరపడి తేల్చకండి. ముందు రెండు ప్రశ్నలకు జవాబు చూద్దాం. తుపాకి బాగా చేసేవాడు కత్తి కూడా బాగా చేస్తాడని నమ్మకమేమిటి? అసలు ఆ కత్తిని చేసింది ఆ తుపాకి కంపెనీయేనా?

మొదటి ప్రశ్నకు జవాబు లోహశాస్త్రంలో ఉంది. తుపాకి గొట్టం లోపల మందు పేలినప్పుడు వాయువులు ఒక్కసారిగా భయంకరమైన ఒత్తిడితో తోస్తాయి. ఆ దెబ్బకు గొట్టం పగలకూడదు. అంటే దానికి కావలసింది గట్టిదనం కన్నా ముందు దెబ్బకు ఓర్చుకునే గుణం. అందుకే తుపాకి గొట్టాలకు ఎక్కువగా వాడే ఉక్కులో కార్బన్ 0.4 శాతం దగ్గర ఉంటుంది. దానికి తోడు సుమారు 1 శాతం క్రోమియం, కొద్దిగా మాలిబ్డినం కలుపుతారు.

కత్తి పని వేరు. దాని వాదర కాగితం కన్నా పలచగా ఉండాలి, వంగకూడదు, అరగకూడదు. అంటే కాఠిన్యం కావాలి. తుప్పు పట్టని మంచి కత్తి ఉక్కులో కార్బన్ 0.5 శాతం నుంచి 1 శాతం దాకా, ఒక్కొక్కప్పుడు ఇంకా ఎక్కువే ఉంటుంది. క్రోమియం 13 శాతమో, ఆ పైనో ఉంటుంది. క్రోమియం గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి ఉక్కు పైన కంటికి కనిపించనంత పలచని పొర కడుతుంది. ఆ పొర తుప్పును రానివ్వదు.

ఈ తేడాను కొలవడానికి రాక్‌వెల్ పరీక్ష అని ఒకటుంది. శంకువు ఆకారంలో చెక్కిన వజ్రాన్ని 150 కిలోల బరువుతో లోహం మీద నొక్కుతారు. గుంట ఎంత తక్కువ లోతు పడితే కాఠిన్యపు అంకె అంత ఎక్కువ. ఈ కొలతలో తుపాకి గొట్టం 30కి కాస్త అటూ ఇటూగా ఉంటుంది. మంచి జేబు కత్తి 55 నుంచి 60 దాకా వస్తుంది. గొట్టాన్ని కత్తి అంత గట్టిగా చేస్తే పేలుడుకు పగిలిపోవచ్చు. కత్తిని గొట్టం అంత మెత్తగా ఉంచితే నాలుగు కొబ్బరి మట్టలకే మొండిబారుతుంది. రెండూ ఉక్కే, కాని రెండూ వేరు వేరు విద్యలు!

మీ ఊళ్ళో కమ్మరి కొలిమి ఉంటే ఒకసారి వెళ్ళి చూడండి. కొడవలిని ఎర్రగా కాల్చి నీళ్ళలో ముంచుతాడు. ఎర్రగా కాలిన ఉక్కులో కార్బన్ పరమాణువులు ఇనుము పరమాణువుల మధ్య సులువుగా సర్దుకుంటాయి. నెమ్మదిగా చల్లారనిస్తే అవి మెల్లగా బయటికి వచ్చేస్తాయి. ఒక్కసారిగా చల్లబరిస్తే వాటికి ఆ వ్యవధి ఉండదు. ఎక్కడివక్కడ ఇరుక్కుపోయి, ఇనుము పరమాణువులను జరగనివ్వవు. అందుకే ఉక్కు గట్టిపడుతుంది. కాని అలాగే వదిలేస్తే గాజులాగా పెళుసుగా ఉంటుంది. కాబట్టి మళ్ళీ కొద్దిగా వేడి చేసి ఆ పెళుసుదనం తగ్గిస్తారు. కత్తి ఫ్యాక్టరీలో చేసేదీ ఇదే. తుప్పు పట్టని ఉక్కును 1,000 సెంటిగ్రేడు డిగ్రీలు దాటించి, చల్లబరచి, తిరిగి 200 డిగ్రీలకు కొంచెం అటూ ఇటూగా కాస్తారు. ఉక్కు ఎంత మంచిదైనా ఈ వేడి లెక్క తప్పితే కత్తి పనికిరాదు. ఈ లెక్క తెలిసిన చెయ్యి ఎవరిదన్నదే అసలు సంగతి. అలుగు మీది పేరు ఆ చేతిదే కానక్కరలేదు.

ఇక రెండో ప్రశ్న. ఒకప్పుడు తుపాకి కంపెనీలు నిజంగానే కత్తులు చేశాయి. రెమింగ్టన్ కథ వినండి. 1816లో న్యూయార్క్ రాష్ట్రంలో మొదలైన కంపెనీ అది. మొదటి ప్రపంచ యుద్ధంలో రష్యా వంటి దేశాల కోసం లక్షలాది రైఫిళ్ళు చేయడానికి కనెక్టికట్ రాష్ట్రంలోని బ్రిడ్జ్‌పోర్టులో పెద్ద ఫ్యాక్టరీ నడిపింది. 1917లో రష్యాలో విప్లవం వచ్చింది. 1918లో యుద్ధమే ముగిసింది. యంత్రాలున్నాయి, పనివాళ్ళున్నారు, పని లేదు. ఏం చెయ్యాలి? 1920లో రెమింగ్టన్ అక్కడ జేబు కత్తులు చెయ్యడం మొదలుపెట్టింది. 1922లో పిడి మీద తూటా బొమ్మ బిగించిన కత్తిని తెచ్చింది. ఆ ‘తూటా కత్తి’ని పాతవస్తువులు సేకరించేవాళ్ళు ఈనాటికీ వెతుక్కుంటారు. వించెస్టర్ కంపెనీ ఇంకో దారి పట్టింది. యుద్ధం తర్వాత 1919లో, అప్పటికే పని తెలిసిన రెండు కత్తుల కంపెనీలను కొనేసింది. నాకైతే ఇది తెలివైన పనిగా తోస్తుంది. విద్య నేర్చుకునే బదులు విద్య వచ్చినవాళ్ళనే తెచ్చుకుంది కదూ!

ఆ రోజులు ఎక్కువ కాలం సాగలేదు. 1940లో రెమింగ్టన్ తన కత్తుల వ్యాపారాన్ని వేరే కంపెనీకి అమ్మేసింది. మళ్ళీ 1982లో తూటా కత్తి బజారుకు వచ్చింది. అలుగు మీద రెమింగ్టన్ పేరే ఉంది. కాని చేసింది న్యూయార్క్ రాష్ట్రంలోని కమిల్లస్ అనే కత్తుల కంపెనీ. ఆ కత్తి మంచిదే, ఎందుకంటే కమిల్లస్‌కు తరాల అనుభవం ఉంది. తమాషా ఏమిటంటే, 2007లో కమిల్లస్ ఫ్యాక్టరీయే మూతబడింది. దాని పేరును మరో కంపెనీ కొనుక్కుంది. పేరు అరువిచ్చిన కంపెనీ పేరు ఒకటి, పని చేసి మూతబడ్డ కంపెనీ పేరు ఒకటి – చివరికి రెండూ కత్తుల మీద ముద్రలుగా మిగిలాయి.

ఇలా పేరును అద్దెకిచ్చే ఒప్పందాన్ని లైసెన్సు అంటారు. స్మిత్ అండ్ వెసన్ 1852 నుంచి ఉన్న పేరు. ఆ పేరుతో మడత కత్తులను, పటకారు, స్క్రూడ్రైవర్లు, కత్తి అన్నీ ఒకే పిడిలో మడిచిన బహుళ పనిముట్లను చాలా ఏళ్ళు అమ్మింది టెన్నెసీ రాష్ట్రంలోని టేలర్ అనే కంపెనీ. వాటిలో చవకవి చాలావరకు చైనాలో తయారైనవే. 2016లో స్మిత్ అండ్ వెసన్ యజమానులు ఆ టేలర్ కంపెనీనే కొన్నారు. 2020లో ఆ వ్యాపారాన్ని తుపాకుల నుంచి విడదీసి వేరే కంపెనీగా పెట్టారు. అంటే తుపాకి ఒక కంపెనీది, అదే పేరున్న కత్తి మరొక కంపెనీది అన్నమాట.

లైసెన్సు అనగానే నాసిరకం అనుకోవడమూ పొరపాటే. జర్మనీ తుపాకుల కంపెనీ హెక్లర్ అండ్ కోఖ్ పేరుతో కొంతకాలం కత్తులు చేసింది అమెరికాలో మంచి పేరున్న బెంచ్‌మేడ్ కంపెనీ. చైనా అనగానే పెదవి విరచడమూ పనికిరాదు. గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రంలోని యాంగ్‌జియాంగ్ నగరం కత్తులకు పెట్టింది పేరు. అక్కడ పది రూపాయల సరుకూ చేస్తారు, వెయ్యి రూపాయల సరుకూ చేస్తారు. కొనేవాడు ఎంతకు అడిగితే అంత.

పూర్తిగా తలకిందులైన కథ కూడా ఒకటుంది. ఆస్ట్రియాలోని గ్లాక్ కంపెనీ 1963లో మొదలైనప్పుడు తుపాకుల ఊసే లేదు. కర్టెన్లు వేలాడదీసే కడ్డీల వంటివి చేసేది. తర్వాత ఆస్ట్రియా సైన్యానికి కత్తి చేసింది. 1982లో గాని దాని పిస్తోలును సైన్యం తీసుకోలేదు. అంటే ఇక్కడ కత్తే అన్న, తుపాకి తమ్ముడు! ఆ కత్తి కాఠిన్యం 55 దగ్గరే ఉంచారు. సిపాయి దానితో పెట్టెలు తెరుస్తాడు, నేల తవ్వుతాడు. విరగడం కన్నా కాస్త మొండిబారడం నయం.

పేరు ఒక చోటిది, పని మరో చోటిది కావడం కొత్త సంగతేం కాదు. మన నిజామాబాదు ప్రాంతంలోని కోనసముద్రంలో మూసలలో కరిగించి చేసిన ఉక్కు కోసం పర్షియా వర్తకులు వచ్చేవారు. దక్షిణ భారతం నుంచి అలా వెళ్ళిన ఉక్కుతో సాగగొట్టిన కత్తులకు లోకంలో వచ్చిన పేరు ‘డమాస్కస్ కత్తులు’. మన కమ్మరి ఊరి పేరు వాటి మీద లేదు. పందొమ్మిదో శతాబ్దంలో జర్మనీ కత్తుల మీద ఇంగ్లండులోని షెఫీల్డ్ పేరు కొట్టి అమ్ముతున్నారని అక్కడివాళ్ళు మొత్తుకున్నారు. 1887లో బ్రిటన్‌లో ముద్రల చట్టం వచ్చింది. 1890లో అమెరికా కూడా, దిగుమతి సరుకు మీద చేసిన దేశం పేరు ఉండాలని చట్టం చేసింది. ఇప్పటి నియమాల ప్రకారం అక్కడ అమ్మే విదేశీ కత్తికి అట్టపెట్టె మీద కాగితం అంటిస్తే చాలదు. దేశం పేరును లోహంలోనే చెరగకుండా ముద్రించాలి. మీరు చూసిన ఆ గోరంత అక్షరాలు అక్కడికి అలా వచ్చాయి.

ఇప్పుడు మామయ్య కత్తిని మళ్ళీ తీసుకోండి, మడత పెట్టే ఉంచి. అలుగు తెరిచే పని ఆయనకే వదలండి. దేశం పేరు పక్కన ‘8 సి.ఆర్. 13 ఎమ్.ఓ.వి.’ అని ఉందా? అది చైనా ఉక్కు రకం. 8 అంటే కార్బన్ సుమారు 0.8 శాతం. సి.ఆర్. అంటే క్రోమియం, 13 శాతం. మిగతావి కొద్దిపాటి మాలిబ్డినం, వనేడియం. ‘440 సి’ అని ఉంటే కార్బన్ 1 శాతం దగ్గర, క్రోమియం 17 శాతం దగ్గర. ‘420’ అని మాత్రమే ఉంటే కార్బన్ తక్కువ, సులువుగా మొండిబారుతుంది. ఏ అంకే లేకుండా వట్టి ‘స్టెయిన్‌లెస్’ అని ఉంటే చెప్పడానికి వాళ్ళ దగ్గర గొప్పేమీ లేదని నేను అనుకుంటాను. అయస్కాంతం మాత్రం ఏమీ చెప్పదు. మంచి కత్తికీ చెడ్డ కత్తికీ ఒకేలాగ అంటుకుంటుంది. కొన్న రోజు పదును కూడా ఏమీ చెప్పదు. ఏ రేకుకైనా ఒకరోజు పదును పెట్టవచ్చు, నెల తర్వాత చూడాలి.

అన్నిటికన్నా ముఖ్యం తాళం. తెరిచిన అలుగు వెనక్కి మడుచుకోకుండా పిడిలో ఒక బద్ద అడ్డు నిలుస్తుంది. అది వదులైతే అలుగు వేళ్ళ మీదికే వస్తుంది. కత్తి తెరిచి, వేళ్ళు అలుగు దారిలో లేకుండా పట్టుకుని, దాని వీపును చెక్క మీద మెల్లగా నొక్కి చూడమని మామయ్యతోనే చెప్పండి. బద్ద జారితే, ఏ పేరున్నా సరే, ఆ కత్తిని ఇంట్లో ఎవరూ వాడకూడదు. జారకుండా, పక్కన 8, 13 అంకెలు కూడా ఉంటే మామిడికాయలు కోసుకోవడానికి అది బాగానే పనికొస్తుంది. రెండు మూడు వారాలకోసారి సాన పట్టుకోవలసి వస్తుంది, అంతే.