పాతబస్తీ కిరాయి యిండ్లును, వాని మెట్లును

హైదరాబాదు నగరమున మూసీనదికి దక్షిణముగా నున్న ప్రాతభాగమును జనులు పాతబస్తీ యందురు. 1591వ సంవత్సరమున మహమ్మదు కులీ కుతుబుషా యీ నగరమును నిర్మింపజేసినప్పుడు, చార్మినారును నడుమ నుంచి నాలుగు దిక్కులకును రాజమార్గములు సాగునట్లు ఏర్పరచెను. ఆ మార్గములను విడిచి ప్రక్కనున్న గల్లీలలోనికి బోయితిమేని, రెండు బండ్లు ఎదురైనచో నొకటి వెనుకకు మరలవలసిన చోట్లు పెక్కు గలవు. అట్టి గల్లీల కిరుప్రక్కల మూడేసి, నాలుగేసి యంతస్తుల మేడలు ఒకదాని నొకటి యానుకొని నిలిచియుండును. క్రింద దుకాణము, పైన కాపురములు. ఆ కాపురములలో కిరాయిదారులు మెండు. ఈ పత్రికను చదువువారిలో గొంద రట్టి యిండ్లలోనే పుట్టి పెరిగినవారు కావచ్చును.

పూర్వ మీ బస్తీలో ప్రభువుల దేవిడీ లుండెడివి. దేవిడీ యనగా నొక్క గృహము గాదు. ఎత్తైన ప్రహరి, గొప్ప దర్వాజా, లోపల విశాలమైన వాకిలి, దాని చుట్టును స్త్రీలకును పురుషులకును వేరువేరు మందిరములు, నౌకరులకు గదులు. గాలియు, వెలుతురును, పిల్లల ఆటలును ఆ నడిమి వాకిలినుండియే లభించెడివి. యజమాను డొక్కడే గనుక ఆ వాకిలి నూడ్పించు భార మెవరిదను వివాదము పుట్టలేదు. 1949వ సంవత్సరమున జాగీర్లు రద్దగుటతో ఆదాయము తగ్గెను, వారసులు పెరిగిరి, దేవిడీలు పెక్కు ముక్కలై యమ్ముడుపోయెను. సాలారుజంగుల దివాన్ దేవిడీయే యిందుకు నిదర్శనము. 1951లో సాలారుజంగు మ్యూజియము మొట్టమొదట తెరువబడినది అందులోనే. 1968లో మ్యూజియము నదీతీరమున నున్న క్రొత్త భవనమునకు మారినది. పిమ్మట దేవిడీ స్థలమున దుకాణములును, వాటాలును లేచినవి.

ఇరుకు వాడల వలని కీడును ప్రభుత్వము మునుపే గుర్తించినది. 1908 సెప్టెంబరు 28వ తేదీని మూసీ పొంగి వేలకొలది జనులను బలిగొన్నది. 1911లో ప్లేగు వ్యాపించినది. 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంటు బోర్డు స్థాపింపబడి, ఇరుకైన వాడలను దీసివేయుటకును, రోడ్లను వెడల్పు చేయుటకును, బీదలకు ఇండ్లు కట్టించుటకును పూనుకొనెను. చార్మినారునకు బోవు దారిలో నున్న పత్థర్‌గట్టి యా బోర్డువారి పనియే. రాతి కమానుల క్రింద దుకాణములు, పైని నివాసములు, ఎదుట వెడల్పైన రోడ్డు. దుకాణముపై కాపురముండుట దోషము గాదనుట కదియే చాలును. దిగివచ్చు దారి యెట్టిదన్నదే యసలు ప్రశ్న.

కిరాయి యింటి కాపురమున సుఖమును గలదు. బజారు కాలినడక దూరమున నుండును. జ్వరము వచ్చిన రాత్రి తలుపు తట్టిన పలుకువా రుందురు. ఒక యింటి యుర్దూ, మరియొక యింటి తెలుగు, మూడవ యింటి మార్వాడీ కలిసి పిల్లలకు మూడు భాషలును రుసుము లేకయే యబ్బును.

ఇల్లు వెదకువాడు గదు లెన్నియని యడుగును. నీ రెన్ని దినముల కొకమారు వచ్చునని యడుగును. అడ్వాన్సు ఎంతయని యడుగును. మెట్ల వెడల్పెంతయని యడిగినవానిని నేనెరుగను. మెట్లు, నడవ, మిద్దె యనునవి కిరాయిలేని గదులు. అవి యందరివి గనుక నెవరివియు గావు. మొదటి యంతస్తువారు మెట్ల మలుపున సైకిలు నుంతురు. రెండవవారు ఖాళీ సిలిండరును, మూడవవారు విరిగిన మంచమును చేర్తురు. అన్ని వాటాల కరెంటు మీటర్లును మెట్ల క్రిందనే యుండును. మిద్దెమీది బట్టలు పోవుచున్నవని యజమానుడు మిద్దె తలుపునకు తాళము వేయును. వేరువేరుగా జూచిన నిందులో నొక్కటియు నేరముగా దోపదు.

చార్మినారునకు ఉత్తరమున, నాలుగు కమానుల నడుమ గుల్జార్ హౌజ్ అను నీటితొట్టి గలదు. దాని చెంతనున్న యొక మేడలో 2025 మే 18వ తేదీ ఆదివారము ప్రాతఃకాలమున నిప్పంటుకొని 17 మంది మరణించిరి. వారిలో 8 మంది పిల్లలు. క్రింద దుకాణములు, పైన చిరకాలముగా నొక కుటుంబమువారి కాపురము. లోనికి బోవు దారి ఇరుకు, మెట్లును ఇరుకు. విద్యుత్తు తీగెల దోషమే కారణమని తొలి విచారణలో దేలినది. ఒకరినొక రెరిగిన యొక్క కుటుంబము నివసించు నింటనే దిగివచ్చుట యింత దుర్లభమైనప్పుడు, పది కాపురములు గల మేడ సంగతి యేమి?

ఇట్టి ప్రమాదములలో మంటకంటె పొగయే హెచ్చుమందిని జంపును. వేడి పొగ తేలికయై పైకెక్కును. ఇరుకైన మెట్లదారి యప్పుడు పొగగొట్టమగును. కనుక మంట తమ గదిని చేరకమునుపే పైయంతస్తువారికి దారి మూతపడును. అట్టి సమయమున పొగలోనికి దిగరాదు. తలుపు మూసి, సందులలో తడిగుడ్డ కూరి, వీధివైపు కిటికీకడకు జేరి కేకవేయవలెను. 101 గాని 112 గాని పిలువవలెను. నేలకు దగ్గరగా పొగ పలుచగా నుండును గనుక ప్రాకుచు బోవుట మేలు. వంటగ్యాసు ఇందుకు విరుద్ధము. అది గాలికంటె బరువైనది. కారినచో నేలబారుగా బ్రాకి మెట్లమీదుగా క్రిందికి దిగును. గ్యాసు వాసన తగిలినచో దీపపు స్విచ్చిని వేయనురాదు, ఆర్పనురాదు.

తల్లిదండ్రు లెరుగవలసిన సంగతి యొకటి గలదు. 1960వ సంవత్సరపు కిరాయి నియంత్రణ చట్టము ప్రకారము, కిరాయిదారుని వెడలగొట్టుటకై యజమానుడు నీటిని గాని దీపమును గాని ఆపరాదు. అయితే 2005లో జరిగిన సవరణచే, నగరములలో నెలకు 3500 రూపాయలకు మించిన కిరాయి గల యిండ్ల కా చట్టము వర్తింపదు. నేటి వాటాలలో అంతకు మించనివి యరుదు. తక్కినవారికి 1882వ సంవత్సరపు ఆస్తి బదిలీ చట్టమే దిక్కు. వేరు ఒడంబడిక లేనిచో, నెలకిరాయి కాపురమును 15 దినముల నోటీసుతో ముగింపవచ్చును. కనుక కిరాయి పత్రములో గదులతోపాటు మెట్లు, మీటరు, మిద్దె తలుపు సంగతియు వ్రాయించుకొనుట మంచిది. మిద్దెకు తాళము బదులు లోపలివైపు గొళ్లెము చాలును. తాళము తప్పనిసరియైనచో ప్రతి వాటాకు నొక తాళపుచెవి యుండవలెను.

విద్యార్థులు తమ మేడ మెట్లను కొలిచి చూతురుగాక. నివాసగృహములలో మెట్టు లోతు 25 సెంటీమీటర్లకు తగ్గరాదనియు, ఎత్తు 19 సెంటీమీటర్లను మించరాదనియు జాతీయ భవన నియమావళి చెప్పుచున్నది. ప్రాతమేడలలో దీనికి సరిపోవునవి యెన్నియో కొలిచినగాని తెలియదు. కొలతల పిదప ఒక పటము గీయవలెను. అందు మెట్ల వెడల్పు, మెట్లమీది సామానులు, మీటర్లున్న చోటు, వీధిలోనికి దారి, మిద్దె తలుపు గుర్తింపవలెను. మిద్దె తాళపుచెవి యెవరియొద్ద నున్నదో యా సంగతియు పటము క్రింద వ్రాయవలెను.