కారుచున్న కార్బురేటరు: కారణమును వెదకు విధము



యంత్రము చెడినపుడు భాగములను మార్చుట సులభము. చెడుటకు కారణము నెఱుంగుట కష్టము. మొదటిదానికి ధనము చాలును, రెండవదానికి విచారణ కావలెను. ఈ విచారణక్రమమును చూపుటకై మేమొక చిన్న యంత్రమును పాఠముగా నెన్నుకొంటిమి.

అమెరికా దేశమున ఇండ్ల తోటలలో గడ్డి కోయుటకును, చిన్న నాగలి లాగుటకును తోట ట్రాక్టర్లను వాడుదురు. ఇంటర్నేషనల్ హార్వెస్టర్ కంపెనీవారు 1961లో అమ్మకమునకు తెచ్చిన కబ్ కెడెట్ అట్టిది. దానికి 7 అశ్వశక్తుల కోలర్ ఇంజను కలదు. అట్టి పాత బండ్లు నేటికిని కొన్ని నడచుచున్నవి. వానికి తఱచుగా వచ్చు రోగము కార్బురేటరునుండి పెట్రోలు కారుట. మన దేశమున 2020 ఏప్రిలునకు ముందు వచ్చిన మోటారు సైకిళ్లలో పెక్కింటికి కార్బురేటరే యున్నది గనుక, ఈ పాఠము మనకును పనికివచ్చును.

కార్బురేటరు క్రిందిభాగమున చిన్న గిన్నె యుండును. అందు ఫ్లోటు అనబడు ఇత్తడి డొల్ల తేలుచుండును. పెట్రోలు నిండినకొలది ఫ్లోటు పైకి లేచి, యొక సూదిని దాని రంధ్రమునకు నొక్కి దారి మూయును. మట్టము తగ్గగానే సూది తొలగి పెట్రోలు లోనికి వచ్చును. మీరు తరగతిలో చదివిన ఆర్కిమిడీసు సూత్రమే యిచ్చట కావలి కాయుచున్నది.

పని మొదలిడుటకు ముందు ఒక హెచ్చరిక. పెట్రోలు ఆవిరి గాలికంటె బరువైనది. అది నేలవెంట ప్రాకి, దూరమున నున్న పొయ్యినో దీపమునో చేరి భగ్గున మండగలదు. కావున ఇంజను చల్లారిన పిమ్మట, ఆరుబయట, స్పార్కు ప్లగ్గు తీగను తొలగించి పని చేయవలెను. పెద్దల తోడు లేక పిల్లలు దీనిని ముట్టరాదు.

మొదట ట్యాంకు కుళాయి మూసి, కార్బురేటరును పొడిగా తుడిచి, క్రింద తెల్లకాగితము పఱచవలెను. పిదప కుళాయి విప్పి, తడి మొట్టమొదట ఎచ్చట కనబడునో చూడవలెను.

గొట్టము అతుకువద్ద తడిసినచో రబ్బరు పగిలినదనియు, గిన్నె అంచువెంట తడిసినచో గ్యాస్కెట్టు చెడినదనియు, అడుగు నట్టువద్ద తడిసినచో వాషరు చెడినదనియు ననుమానింపవలెను. నట్టును అతిగా బిగించుట చికిత్స కాదు. అందువలన మర చెడును.

గాలి పీల్చు నోటినుండి కారినచో సూది దారి మూయుట లేదని యర్థము. దీనికి ముఖ్యకారణములు మూడు. ఒకటి, సూదిక్రింద నలుసు చిక్కుకొనుట. రెండు, సూదిమొన అరిగి దానిపై గాడి పడుట. అప్పుడు సూదిని, దాని పీఠమును జతగా మార్చవలెను. మూడు, ఫ్లోటు దోషము. దానిని చెవివద్ద ఊపి చూడుడు. లోపల ద్రవము కదలు చప్పుడైనచో చిల్లు పడినదని తెలియును. చిల్లు లేకున్నను మట్టము తప్పియుండవచ్చును. కోలర్ కె తరగతి ఇంజన్లకు, కార్బురేటరును తలక్రిందులుగా పట్టినపుడు ఫ్లోటు కొనకును పోత అంచునకును నడుమ 11/64 అంగుళము, అనగా సుమారు 4.4 మిల్లీమీటర్లు, ఎడముండవలెను.

నలుసును తీసివేసినంత మాత్రమున పని ముగియదు. అది యెచ్చటనుండి వచ్చెనో చూడవలెను. ట్యాంకులో తుప్పున్నచో వారము దినములలో మరల కారును.

కడపట ఇంజను నూనెను పరీక్షింపవలెను. కారిన పెట్రోలు కొన్నివేళల సిలిండరులోనికి దిగి నూనెలో కలియును. నూనెమట్టము పెరిగి పెట్రోలు వాసన కొట్టినచో, ఆ నూనెను మార్చక ఇంజనును నడపరాదు. పలుచబడిన నూనె బేరింగులను కాపాడజాలదు. సిలిండరు ద్రవముతో నిండియుండగా బలవంతముగా త్రిప్పినచో కనెక్టింగ్ రాడ్డు వంగవచ్చును. ఏలయన ద్రవము గాలివలె నణగదు.

చుక్కచుక్కగా కారుచున్నది గదా యని యూరకుండువారు ఇంజనును, ఒక్కొక్కప్పుడు ఇంటినే పోగొట్టుకొందురు. మరమ్మతు ముగియువఱకును, ఆ తరువాత ప్రతిరాత్రియు కుళాయి మూసియుంచుడు. చూచుట, ఒక్కొక కారణమును పరీక్షించుట, పిమ్మటనే పనిముట్టు పట్టుట, ఈ క్రమమును ఏ యంత్రముపట్లనైనను మీరు పాటింపవలెనని మా కోరిక.