అగ్గిపుల్ల ఎవరిదో తేల్చాక అడగాల్సింది

భోగాపురం

మనవరాలికి,

కార్చిచ్చుకి పోడే కారణమా కాదా అని కాలేజీలో చర్చ పెట్టారని రాశావు. నీకు ఏ పక్షం వచ్చినా రెండు ప్రశ్నల్ని కలిపెయ్యకు. నిప్పు ఎలా పుట్టింది? పుట్టింది ఎందుకంత దూరం పాకింది? మొదటిదానికి జవాబు దొరకగానే రెండోది కూడా తేలిపోయిందనుకుంటారు చాలామంది.

మన కొండల్లో నిప్పు దాదాపు ఎప్పుడూ మనిషి చేతిదే. ఇప్పపువ్వు ఏరడానికి చెట్టు కింద ఆకులు కాలుస్తారు. బీడీ ఆకు చిగురు కోసం, పశువులకి కొత్తగడ్డి కోసం అంటిస్తారు. ఆర్పకుండా పారేసిన చుట్టముక్క సరేసరి. పంట కోసం కొండ మీద అడవి నరికి కాల్చే పోడు వీటిలో ఒకటి. అందులోనూ ఎలా కాల్చారన్నది చూడాలి. చుట్టూ చెత్త ఊడ్చి, గాలి పడ్డాక కొండ పైవైపు నుంచి అంటిస్తే మంట నెమ్మదిగా దిగుతుంది. కింద అంటిస్తే ఎగబాకుతుంది. పైకెక్కే వాలు ప్రతి 10 డిగ్రీలు పెరిగినప్పుడల్లా మంట వేగం సుమారు రెట్టింపవుతుందని ఆస్ట్రేలియాలో మెకార్థర్ అనే శాస్త్రవేత్త లెక్క కట్టాడు.

రెండో ప్రశ్నకి సెలవుల్లో మన సరుగుడు తోటకి రా. కాలితో చెత్త తొలగించు. పైన సూదుల్లాంటి ఎండాకు కరకరలాడుతుంది, అడుగున నల్లగా చెమ్మగా ఉంటుంది. ఆ పైపొరే మంటకి మేత. ఎండా గాలీ మన చేతిలో లేవు, మేత ఒక్కటే ఉంది. జీడితోటల్లో పిక్కలు ఏరుకోడానికి చెట్ల కింద శుభ్రం చేస్తారు చూడు, అది నిప్పుకీ అడ్డే.

మేత తీసేస్తే చాలా అంటే, అదీ కాదు. 2019 ఆస్ట్రేలియాకి రికార్డుల్లోకెల్లా వేడి, పొడి సంవత్సరం. సిడ్నీకి వాయవ్యాన గోస్పర్స్ మౌంటెన్‌లో పిడుగుపాటుకి పుట్టిన మంట నెలల తరబడి కాలింది. ముందే చెత్త కాల్చకపోవడమే తప్పని కొందరు, మారిన వాతావరణమే కారణమని కొందరు తగువాడుకున్నారు. మామూలు రోజుల్లో ముందస్తు కాల్పు బాగా పనిచేస్తుంది. అంతటి ఎండలో, గాలిలో దాని బలం తగ్గిపోతుంది.

2014 మార్చిలో తిరుమల కొండలు అంటుకుంటే వాయుసేన హెలికాప్టర్లు నీళ్లు పోశాయి. ఇప్పుడు ఉపగ్రహం 375 మీటర్ల గడిలో వేడిని పట్టి అటవీశాఖకి కబురు పంపుతుంది. అవన్నీ మంట లేచాక చేసేవి. ఎండలు ముదరకముందే ఆకూ గడ్డీ ఊడ్చి ఫైర్‌లైన్లు తియ్యాలి. మన దగ్గర ఆ పని చెయ్యగలిగింది కొండ మీదున్న సవర, జాతాపు గిరిజనులే. పోడు చేస్తారని దొంగల్లా చూస్తే వాళ్లెందుకు వస్తారు?

కాబట్టి పోడు ఆపితే చాలన్నవాళ్లనీ, పోడుకి ఏ పాపమూ లేదన్నవాళ్లనీ ఒకటే అడుగు: ఫిబ్రవరిలో ఫైర్‌లైను ఎవరు తీస్తారు, వాళ్లకి కూలి ఎవరిస్తారు? దానికి జవాబు లేని పక్షం ఎంత బాగా మాట్లాడినా ఓడినట్టే.

ఇట్లు,
మీ తాత