మీ యాస ఉండనివ్వండి, ఇంకొకటి నేర్చుకోండి

శ్రీకాకుళం నుంచో, పాలమూరు నుంచో, అనంతపురం నుంచో చదువు ముగించుకుని హైదరాబాద్ చేరిన కుర్రకారును గమనించండి. గ్రూప్ డిస్కషన్ మొదలవగానే చాలామంది వెనక్కి జరుగుతారు. చెప్పాల్సింది మనసులో ఉంటుంది. నోరు తెరిస్తే ఊరు తెలిసిపోతుందని, ఎవరో నవ్వుతారని బెరుకు. ఒక్క నవ్వుకు జడిసి నెలల తరబడి నోరు కట్టేసుకున్నవాళ్లు ఉన్నారు. మీరు వాళ్లలో ఒకరైతే ఇది మీకోసమే.

యాస లేనివాళ్లు లోకంలో లేరు. ‘మంచి తెలుగు’ అని మనం అనుకునేది కూడా చాలావరకు కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల్లో చదువుకున్నవాళ్ల మాటే. పత్రికలు, పాఠ్యపుస్తకాలు, సినిమాలు దాన్నే వాడుకోవడంతో దానికా హోదా వచ్చింది. కాబట్టి మీ మాటను దిద్దుకోవాల్సిన తప్పులా చూడకండి. దాన్ని అలాగే ఉంచి, ఉద్యోగానికి కావలసిన తీరును, అది ఆఫీసు తెలుగైనా, ఇంగ్లీషైనా, పక్కన చేర్చుకోండి. అమ్మతో ఫోన్లో ఒకలా, మేనేజర్‌తో ఒకలా మాట్లాడటంలో నటనేమీ లేదు. రెండు భాషల ఇళ్లలో పుట్టిన పిల్లలు రెండేళ్ల వయసు నాటికే ఆ పని మొదలుపెడతారు.

మరి కొత్త తీరు ఎలా వస్తుంది? ఈ సంగతి పిట్టలు బాగా చెబుతాయి. శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలో తలమీద తెల్లచారలుండే ఒక రకం పిచ్చుకలున్నాయి. జాతి ఒకటే అయినా కొన్ని మైళ్లు దాటితే పాట మారిపోతుంది. వాటికీ యాసలున్నాయన్నమాట! 1960లలో పీటర్ మార్లర్ అనే శాస్త్రవేత్త వాటి పిల్లల్ని విడిగా పెంచి, రికార్డు చేసిన పాటలు వినిపించాడు. సుమారు పదో రోజు నుంచి యాభయ్యో రోజు దాకా విన్నదే అవి పట్టుకున్నాయి. ఆ తర్వాత టేపు ఎంత వినిపించినా ఫలితం లేదు. ఇక వయసు దాటితే రాదనే అనుకున్నారు. కానీ 1984లో బాప్టిస్టా, పెట్రినోవిచ్ అనే ఇద్దరు పరిశోధకులు టేపు పక్కనపెట్టి, పాడే పిట్టనే పక్క పంజరంలో ఉంచి చూశారు. యాభై రోజులు దాటిన పిల్లలు కూడా నేర్చుకున్నాయి.

మనుషుల పిల్లల సంగతీ దీనికి దగ్గరగానే ఉంది. పాట్రీషియా కూల్ అనే శాస్త్రవేత్త బృందం 2003లో ప్రచురించిన పరిశోధనలో, తొమ్మిది నెలల అమెరికన్ పసివాళ్లతో కొందరు చైనీస్ మాట్లాడుతూ ఆడుకున్నారు. పన్నెండు విడతలు గడిచేసరికి పసివాళ్లు ఆ భాష ధ్వనుల తేడా పట్టేశారు. అవే మాటలు తెరమీద చూసినవాళ్లకు, రికార్డుల్లో విన్నవాళ్లకు ఏమీ అబ్బలేదు.

పెద్దవాళ్లు పసివాళ్లు కారు, నిజమే. వీడియోలతో పెద్దవాళ్లకు పదసంపద పెరుగుతుంది. మాట్లాడే ధైర్యం మాత్రం ఎదురుగా మనిషి ఉంటేనే వస్తుంది. అందుకే స్పోకెన్ ఇంగ్లీష్ యాప్‌కి ఇచ్చే గంటలో సగం తీసి హాస్టల్‌లో పక్క గది మిత్రుడికివ్వండి. రోజూ కలిసి నడవండి, నడుస్తున్నంతసేపూ ఇంగ్లీషులోనే మాట్లాడుకోండి. తప్పులు రానివ్వండి.

చెవికి కూడా పని చెప్పండి. ట, త ధ్వనుల తేడా మనకు తేలిక. ఇంగ్లీషు ఇళ్లలోని పసివాళ్లకూ ఆరేడు నెలల వయసులో అది వినిపిస్తుంది. ఏడాది నిండేలోపు ఆ నేర్పు సన్నగిల్లుతుందని జానెట్ వర్కర్ అనే పరిశోధకురాలు 1980లలో హిందీ ధ్వనులతోనే తేల్చారు. అలాగే ఇంగ్లీషులోని రెండు రకాల ‘వ’ (v, w) మనకు ఒకేలా వినిపిస్తాయి. ఇది తెలివితక్కువతనం కానే కాదు, చెవికి పడిన అలవాటు. ముందు తేడా వినడం సాధన చేయండి, పలకడం తర్వాత.

అర్థం కాకపోతే అడగండి. తేనెటీగ తుట్టె మీద నాట్యమాడి పూలు ఏ దిక్కున, ఎంత దూరంలో ఉన్నాయో తోటి ఈగలకు చెబుతుంది. ఆ గుట్టు విప్పిన కార్ల్ ఫాన్ ఫ్రిష్‌కు 1973లో నోబెల్ వచ్చింది. కానీ చూస్తున్న ఈగ ‘ఏ చెట్టు? నిన్న చెప్పిందేనా?’ అని అడగలేదు. మనకు ఆ వరం ఉంది. మీటింగ్‌లో ‘ఇంకోసారి చెప్పండి’ అనడానికి మొహమాటం ఎందుకు?

మనుషుల నుంచి మాట నేర్చుకునే ఈ విద్యలో నాకు ఆదర్శం గిడుగు రామమూర్తి. పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూ, పెద్దయ్యాక, సవర గిరిజనుల నోటినుంచే సవర భాష నేర్చుకున్నారు. చేతిలో పుస్తకం లేదు. ఉన్నదల్లా మనుషులే. 1863లో పుట్టిన ఆయన రాసిన సవర భాషా గ్రంథాన్ని మద్రాసు ప్రభుత్వం 1931లో అచ్చువేసింది.

ఇక ఆఫీసులో పాతకాపులైనవాళ్లకూ ఒక మాట. కొత్తగా చేరిన అబ్బాయి మీరెరగని మాట వాడితే నవ్వకండి, నవ్వేవాళ్లను ఆపండి. ‘మీ దగ్గర దాన్నేమంటారు? ఇంకేమేం అంటారు?’ అని కూర్చోబెట్టి అడగండి. భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి ఆధ్వర్యంలో 1962లో వెలువడిన వ్యవసాయ మాండలిక పదకోశం ఇలా జిల్లా జిల్లాలో రైతులను అడిగి రాబట్టిన మాటలతోనే తయారైంది.