కిటికీ కాస్త తెరిచే ఉంచు



అలాస్కాలో ఫెయిర్‌బ్యాంక్స్ ఊరి బయట, కరెంటు తీగ కూడా చేరని కొండవాలు మీద చిన్న కొయ్య క్యాబిన్ అద్దెకు దొరికిందనీ, ఈ చలికాలమంతా అందులోనే ఉండి యూనివర్సిటీకి వెళ్లొస్తాననీ రాశావు. మీ అమ్మ కంగారు పడుతోంది గానీ నేను వద్దనను. కుళాయి లేని ‘డ్రై క్యాబిన్ల’లో ఉండి చదువుకునేవాళ్లు ఆ ఊళ్లో చాలామందే ఉన్నారు. నీళ్ల గొట్టమే లేనప్పుడు గడ్డకట్టి పగిలే బాధా ఉండదు, అద్దె కూడా తక్కువ. అయితే నువ్వు కొనబోయే సామాన్ల చీటీ మాత్రం నాకు నచ్చలేదు. కిటికీ సందుల్లో కొట్టే ఫోమ్, తలుపు చుట్టూ రబ్బరు పట్టీ, గోడలకు ప్లాస్టిక్ షీటు, చలి మరీ ముదిరితే వెలిగించుకోవడానికి గ్యాస్ హీటరు. అన్నీ మూసేసే సరంజామాయే. గాలి వచ్చిపోవడానికి పనికొచ్చేది అందులో ఒక్కటీ లేదు. పది అడుగుల గదిలో అలాంటి చలికాలం గడపాలనుకునేవాళ్లు ముందు గాలి సంగతి చూసుకోవాలి, వేడి సంగతి ఆ తరవాత. నా వాదనంతా ఇంతే. చాదస్తమని కొట్టిపారేస్తావేమోనని లెక్కలతో సహా రాస్తున్నాను. సైన్సు చదివినదానివి, తప్పుంటే పట్టుకో.

ముందు ఖర్చు చూద్దాం. అక్కడ జనవరి సగటు ఉష్ణోగ్రత మైనస్ 22 డిగ్రీల ప్రాంతంలో ఉంటుంది. కొన్ని రోజులు మైనస్ 40కి కూడా దిగుతుంది. ఆ అంకె దగ్గర సెల్సియస్, ఫారెన్‌హీట్ రెండూ కలిసిపోతాయి. నీ క్యాబిన్ పది అడుగుల వెడల్పు, పన్నెండు పొడవు, ఎనిమిది ఎత్తు అన్నావు. అంటే లోపల పట్టే గాలి 27 ఘనపు మీటర్లు. బయట మైనస్ 20, లోపల 20 అనుకుందాం. ఇన్సులేషన్ బాగుంటే గోడలూ కప్పూ నేలా అన్నీ కలిపి 55 చదరపు మీటర్ల మేర నుంచి సుమారు 650 వాట్ల వేడి బయటికి పోతుంది. ఇప్పుడు గంటకు గదిలో సగం గాలి మార్చావనుకో. ఘనపు మీటరు గాలిని ఒక డిగ్రీ వేడి చెయ్యడానికి ఒక వాట్-అవర్‌లో మూడో వంతు చాలు. ఆ లెక్కన గాలి మార్పిడికి అయ్యేది 180 వాట్లు, రోజుకు 4.3 యూనిట్లు. మంచి కట్టెల స్టవ్వులో ఎండుకట్టె కిలోకు రెండున్నర యూనిట్ల వేడి గదికి దక్కుతుంది. కాబట్టి ఇరవై నాలుగు గంటలూ తాజా గాలి పీల్చినందుకు నీకు పడే ధర 1.7 కిలోల కట్టెలు. మైనస్ 40లో కూడా రెండున్నర కిలోలకు కాస్త పైన, అంతే. మైనస్ 20లో రోజు మొత్తానికి నువ్వు కాల్చే ఎనిమిది కిలోల్లో ఆ 1.7 కిలోలు ఐదో వంతు. ఆ ఐదో వంతు మిగుల్చుకోవడానికి సందులన్నీ మూసుకుని, ఇంకోపక్క పచ్చికట్టెలు కొంటే ఏమవుతుందో చూడు. అప్పుడే నరికిన బర్చ్ కట్టె బరువులో దగ్గర దగ్గర సగం నీళ్లే ఉంటాయి. కొన్న బరువులో సగం కాలేదే కాదు. పైగా ఆ నీళ్లను ఆవిరి చెయ్యడానికి లీటరుకు 0.7 యూనిట్ల చొప్పున పొయ్యిలోనే హారతి కర్పూరమైపోతుంది. పొగగొట్టం లోపల తారులాంటి క్రియోసోట్ పేరుకుని ఏదో ఒక రాత్రి గొట్టమే అంటుకునే ప్రమాదం అదనం. ఆదా చెయ్యాలనుంటే కట్టెల దగ్గర చెయ్యి, గాలి దగ్గర వద్దు.

గాలి ఆడని గదిలో మొదట బయటపడేది చెమ్మ. ఊపిరీ చెమటా కలిపి మనిషి ఒంట్లోంచి రోజుకు లీటరు దాకా నీటి ఆవిరి బయటికి వస్తుంది. అన్నం వండటం, పప్పు ఉడకడం, తడిసిన చేతిజోళ్లు ఆరేసుకోవడం కలిపితే రెండు లీటర్లు. ఇరవై డిగ్రీల గాలి ఘనపు మీటరుకు 17 గ్రాముల ఆవిరి మొయ్యగలదు, మైనస్ 20 గాలి ఒక్క గ్రాము. మధ్యలో మిగిలిందంతా ఎక్కడో ఒకచోట దిగాల్సిందే, అది గదిలోకల్లా చల్లని చోటు వెతుక్కుంటుంది. కప్పులో దిగ్గొట్టిన మేకుల తలలు చూడు: మేకు ఇనుము బయటి చలిని నేరుగా లోపలికి తెస్తుంది కనుక ప్రతి తల మీదా తెల్లటి మంచు బొడిపె కడుతుంది. స్టవ్వు రాజుకున్నప్పుడు అవి కరిగి నీ రగ్గు మీదే కారతాయి. తలుపు బందులు, మంచం వెనక గోడ, పరుపు అడుగు కూడా అంతే. ఇన్సులేషన్ తడిసిందంటే ఇక అది ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. అదే గంటకు సగం గాలి మారుతుంటే, బయటినుంచి వచ్చే ఎండుగాలి లోపల వేడెక్కి, తేమను యాభై శాతం దగ్గర ఆపి, రోజుకు రెండున్నర లీటర్ల నీటిని మోసుకుపోతుంది. నువ్వు పుట్టించే రెండు లీటర్లకు సరిపోయి ఇంకా మిగులుతుంది. ఇక ఆ గ్యాస్ హీటరు. పొగగొట్టం లేని హీటరులో కిలో ప్రొపేన్ కాలితే 1.6 లీటర్ల నీరు ఆవిరై గదిలోకే వస్తుంది. మన ఇళ్లలోని 14.2 కిలోల సిలిండరంత గ్యాస్ కాలిస్తే 22 లీటర్లకు తక్కువ కాదు. వేడి కోసమని నువ్వు గదిలోకి నీళ్లు తోడిపోసుకున్నట్టే.

చెమ్మ ఇబ్బంది పెడుతుంది, కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీస్తుంది. రంగు, వాసన లేని ఈ వాయువు రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. మొదట తలనొప్పి, వాంతి వచ్చినట్టుండటం, నీరసం. అచ్చం జలుబు జ్వరంలాగే. ఆ తరవాత మతి తప్పుతుంది. అపాయాన్ని గుర్తించాల్సిన బుద్ధినే ముందు మందగింపజేయడం దీని పని. 1934లో అమెరికన్ అన్వేషకుడు రిచర్డ్ బర్డ్ అంటార్కిటికాలో, ప్రధాన శిబిరానికి 200 కిలోమీటర్ల దూరాన, మంచులో పాతిన చిన్న గదిలో ఒంటరిగా శీతాకాలం గడపడానికి దిగాడు. అనుభవానికీ సామగ్రికీ లోటు లేని మనిషి. స్టవ్వు గొట్టం అతుకులు సరిగా కుదరలేదు, గాలి గొట్టాలు మంచుతో పూడుకునేవి, రేడియో నడిపే జనరేటరు పొగ గదిని ఆనుకున్న మంచు సొరంగంలోనే నిలిచేది. మే చివరికి పడిపోయాడు. కారణం ఊహించాక ఒక్కోరోజు స్టవ్వు ఆర్పి గడ్డకట్టే చలిలో పడుకున్నాడు, ఎందుకంటే మంటకూ ఊపిరికీ మధ్య ఏదో ఒకటే దక్కే స్థితి. తన కోసం ఎవరూ చీకట్లో బయల్దేరకూడదని శిబిరానికి ఆ సంగతి దాచాడు. పంపే సందేశాలు తడబడటం చూసి వాళ్లే అనుమానపడి ముగ్గురు బయల్దేరి ఆగస్టులో చేరేదాకా బతికున్నాడంటే అది గట్టి ప్రాణమే. ఇదంతా పాతకాలపు మాట అనుకుంటావేమో. 2020 జనవరిలో కేరళ నుంచి నేపాల్ వెళ్లిన యాత్రికుల్లో ఎనిమిదిమంది దామన్‌లో ఒక రిసార్టు గదిలో గ్యాస్ హీటరు పెట్టుకుని, తలుపులూ కిటికీలూ లోపలి నుంచి బిగించి పడుకున్నారు. అందులో నలుగురు పిల్లలు. తెల్లవారి ఒక్కరూ లేవలేదు.

దీనికి నువ్వు అడ్డుచెప్పే మాటలు నాకు తెలుసు. మన ఊళ్లలో బాలింత గదిలో కుంపటి పెట్టి తలుపులు దగ్గరికేసేవారు కదా, ఏమైందీ అంటావు. పెంకుటింటి కప్పుకు పెంకు పెంకుకూ మధ్య సందే. ఆ ఇల్లు తనంతట తానే ఊపిరి పీల్చేది. అదే కుంపటి స్లాబు గదిలో, అద్దాల కిటికీలు బిగించి పెట్టి చూడమను. పాత దుంగల క్యాబిన్‌కు సందులు ఉండే ఉంటాయి, వేరే రంధ్రం దేనికీ అన్నది రెండోది, ఇది కాస్త బలమైనది. నిజమే, ఉంటాయి. కానీ ఆ సందులు నీ మాట వినవు. గాలి వీచినప్పుడు అవసరానికి మించి లాగుతాయి, నిశ్చలంగా ఉన్న రోజున చాలవు, మంచు పేరుకుంటే మూసుకుపోతాయి. నీ చీటీలోని ఫోమూ ప్లాస్టిక్కూ పడ్డాక ఎలాగూ మిగలవు. సందులు మూసెయ్యి, తప్పులేదు. బదులుగా నీ చేతిలో ఉండే దారి ఒకటి పెట్టు. అలారం కొన్నానుగా అంటే, తప్పకుండా కొను, నిద్రపోయే చోటు దగ్గరే పెట్టు. అయితే అమెరికా ప్రమాణం ప్రకారం పది లక్షల్లో 70 పాళ్ల మోనాక్సైడ్ ఉన్నా అది గంట నుంచి నాలుగు గంటల లోపు ఎప్పుడో మోగుతుంది. గాలి చెడ్డాక చెప్పేది అది, చెడకుండా చూసేది కాదు. చివరిది, చిన్న గుంటలో చలికాలమంతా గడిపిన నార్వే అన్వేషకుడు నాన్సెన్ కథ. 1895-96లో నాన్సెన్, అతని సహచరుడు జొహాన్సెన్ ఆర్కిటిక్‌లోని ఫ్రాన్జ్ జోసెఫ్ ల్యాండ్‌లో రాళ్లూ నాచూ వాల్రస్ చర్మాలతో కట్టుకున్న గుంటలో, సముద్రజంతువుల కొవ్వు దీపాలతో సెప్టెంబరు నుంచి మే దాకా ఉండి, బరువు పెరిగి మరీ బయటికొచ్చారు. వాళ్లెలా బతికారో చూడు: పొయ్యి ఉన్న మూల కప్పుకు కంత పెట్టి, దాని మీద మంచుగడ్డలతో పొగగొట్టం కట్టారు. వేడికి అది కరిగిపోతుంటే మళ్లీ మళ్లీ కట్టుకున్నారు. లోపల సున్నా డిగ్రీల దగ్గరే సర్దుకున్నారు తప్ప ఆ కంత మూసుకోలేదు. నా వాదనకు సాక్ష్యమే అది.

కరెంటున్న ఇంట్లో అయితే వేడి పోకుండా గాలి మార్చే ఫ్యాన్లు ఉన్నాయి. నీకు కుదరదు. డిసెంబరు 21న అక్కడ పగలు మూడు గంటల నలభై నిమిషాలు, మిట్టమధ్యాహ్నం సూర్యుడు దిగంతానికి సుమారు రెండు డిగ్రీల ఎత్తునే ఉంటాడు. సోలారు పలకను ఆ రోజుల్లో మర్చిపో. లిథియం బ్యాటరీని గడ్డకట్టే చలిలో ఛార్జి చెయ్యకూడదు కూడా. కనుక మోటారు లేకుండా నడిచే పద్ధతే నీకు దిక్కు. వేడిగాలి పైకి తేలుతుంది కాబట్టి నేల దగ్గర ఒకటి, ఎదుటి గోడకు కప్పు దగ్గర ఒకటి, మూడేసి అంగుళాల రంధ్రాలు రెండు ఉంటే చాలు. రెండింటి మధ్య రెండు మీటర్ల ఎత్తు తేడా, 40 డిగ్రీల వేడి తేడా ఉంటే గంటకు సగం గాలి దానంతటదే మారుతుంది. చలి పెరిగేకొద్దీ లాగుడూ పెరుగుతుంది గనుక జారుడు మూత పెట్టి మైనస్ 40 రోజున సగం మూసుకో. పూర్తిగా ఎప్పుడూ మూయకు. వీలైతే కింది రంధ్రం స్టవ్వు వెనకే ఉండనీ. కిలో కట్టె కాలడానికి సుమారు పది కిలోల గాలి కావాలి, అంటే నీ గదిలో దాదాపు మూడో వంతు. ఆ గాలికి దారి లేకపోతే, మంట చల్లారి గొట్టం లాగుడు తగ్గిన వేళ పొగే వెనక్కి తిరుగుతుంది. ఆ వేళ మిగిలేవి నిప్పులు, మోనాక్సైడ్ ఎక్కువగా వదిలేవీ అవే. తెల్లారేదాకా నిప్పు నిలవాలని పడుకోబోతూ స్టవ్వు గాలిని అదుపుచేసే మూతను (డాంపరు) పూర్తిగా బిగించడం అందుకే చెడ్డ అలవాటు. చిన్నమంట మండనిచ్చి, అది ఆరిపోతే మంచి స్లీపింగ్ బ్యాగులో దూరు. గది చల్లబడినా నువ్వు చల్లబడనక్కర్లేదు. (బయటి మరుగుదొడ్డి సీటుకు ఆ ఊరివాళ్లు నీలం ఫోమ్ పలక కోసి పెడతారు. ఫోమ్ ఒంట్లో వేడి లాక్కోదు. నీ చీటీలోని ఫోమ్‌కు ఆ వాడకమే నాకు బాగా నచ్చింది.)

అద్దె కాగితం మీద సంతకం పెట్టేముందు యజమానిని రెండు విషయాలు అడుగు: పొగగొట్టం చివరిసారి ఎప్పుడు తోమించారు, దాని నెత్తిన టోపీకి మంచు కడితే దులపడానికి నిచ్చెన ఉందా. గోడకు రంధ్రాలు లేవంటే, వెయ్యడానికి రాతపూర్వకంగా ఒప్పుకోమను. నోటిమాట నమ్మి తూట్లు పొడిస్తే ఖాళీ చేసే రోజున అడ్వాన్సులోంచి కోసుకుంటారు.

ఇట్లు,
మామయ్య